కాలేజీ అథ్లెటిక్స్‌లో ఫండ్‌రైజింగ్ ఉద్యోగం: ఆట మీద ప్రేమ కాదు, అడగడం వచ్చని చూపించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వరంగల్‌లో యూనివర్సిటీ జట్టుకు వాలీబాల్ ఆడారు. ఇప్పుడు అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో ఉన్నారు. కాలేజీ అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో విరాళాలు సేకరించే ఉద్యోగం కావాలి. ముప్పైకి పైగా అప్లికేషన్లు పెడితే ఒక్క ఫోన్ ఇంటర్వ్యూ వచ్చింది, అదీ పది నిమిషాల్లో ముగిసింది. అమెరికన్ ఫుట్‌బాల్ సరిగా అర్థం కాదు, గోల్ఫ్ రాదు, మందు అలవాటు లేదు, ఇవన్నీ అడ్డమా అని కూడా అడిగారు. నేను 2010లో మీలాగే స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఇదే పనిలో కిందినుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక మధ్యస్థాయి డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీలో పెద్ద విరాళాలు చూస్తున్నాను. ఆఫీసులో కింది స్థాయి ఉద్యోగాలకు వచ్చే అప్లికేషన్లు నేనే చదువుతాను కాబట్టి అవతలి వైపునుంచి ఎలా కనిపిస్తుందో చెప్పగలను.

మీరు జతచేసిన కవర్ లెటర్‌లో మొదటి రెండు పేరాలూ ఆట మీద మీకున్న ప్రేమ గురించే ఉన్నాయి. ఇలాంటి ఉత్తరాలు ఒక్కో ఉద్యోగానికి పదుల కొద్దీ వస్తాయి. రాసినవాళ్లందరికీ ఆటంటే ప్రాణమే. మేం వెతికేది వేరు: ఈ మనిషి ఇంకో మనిషి ముందు కూర్చుని, కళ్లలోకి చూసి, ఫలానా పనికి ఇంత డబ్బు ఇవ్వండి అని అడగగలడా? కాదంటే మొహం మాడ్చుకోకుండా మళ్లీ నెలకు ఫోన్ చేయగలడా? జరిగిన సంభాషణను ఆ సాయంత్రమే రికార్డులో రాసిపెడతాడా? మీ ఉత్తరంలో ఈ మూడింటికీ జవాబు లేదు. అందుకే ఫోన్లు రావడం లేదు. మీ యాసకు, మీ పేరుకు దీంతో సంబంధం లేదని ఒట్టేసి చెప్పను కానీ, మీ చేతిలో ఉన్న లోపం మాత్రం ఇదే.

అడగందే అమ్మైనా పెట్టదంటాం. అయినా అడగడానికి మనకున్నంత మొహమాటం ఇంకెవరికీ ఉండదేమో. ఒక్క వినాయక చవితి చందాలు మాత్రం మినహాయింపు. రసీదు పుస్తకం పట్టుకుని వీధంతా తిరిగారా ఎప్పుడైనా? తిరిగి ఉంటే ఈ వృత్తిలో సగం మీకు తెలిసినట్టే. మొదటి పేజీలో మొదటి పేరు ఎవరిది రాయించాలా అని ముందురోజు రాత్రి కూర్చుని ఆలోచించేవాళ్లం. కిరాణా కొట్టు యజమాని ఐదు వందలు రాస్తే ఆ కింద ఎవరూ యాభై రాయరు. మొదటివాడు ఇరవై రాస్తే పుస్తకం మొత్తం ఇరవైల మీదే నడుస్తుంది. ఇక్కడ కోట్ల డాలర్ల స్టేడియం కాంపెయిన్ కూడా అచ్చం అలాగే నడుస్తుంది. బయటికి ప్రకటించడానికి చాలాముందే నలుగురైదుగురు పెద్ద దాతల దగ్గర మాట తీసుకుంటారు. లక్ష్యంలో సగం చేతికి వచ్చాకే విలేకరులను పిలుస్తారు. టి. బూన్ పికెన్స్ అనే చమురు వ్యాపారి ఓక్లహామా స్టేట్ అథ్లెటిక్స్‌కు ఒకేసారి 165 మిలియన్ డాలర్లు ఇచ్చిన వార్త మీ క్లాసులో వినే ఉంటారు. అది చివరి అంకం. దాని వెనక ఏళ్ల తరబడి సాగిన పరిచయం ఉంటుంది.

ఇంకోవైపు, అందరూ పికెన్స్‌లు కారు. క్లెమ్‌సన్ యూనివర్సిటీలో 1934లో మొదలైన ఐప్టే అనే దాతల సంఘం పేరుకు అర్థమే ‘ఏడాదికి పది ఇస్తాను’. అంటే పది డాలర్లు. అమెరికాలో అప్పుడు మహామాంద్యం. ఆ పదులే కూడి ఈరోజు దేశంలో పేరున్న అథ్లెటిక్స్ నిధుల్లో ఒకటయ్యాయి. అథ్లెటిక్స్ ఫండ్‌రైజింగ్‌లో ఈ చిన్న చందాల విభాగాన్ని యాన్యువల్ ఫండ్ అంటారు. మీలాంటివాళ్లు లోపలికి వచ్చే తలుపు ఇదే. సీజన్ టికెట్ రెన్యువల్స్, ప్రయారిటీ పాయింట్లు (ఎక్కువ ఇచ్చినవాళ్లకు ముందు అవకాశం వచ్చేలా వేసే లెక్క), ఎవరికి ఏ సీటు, ఎవరికి ఏ పార్కింగ్ పాస్, గివింగ్ డే (ఒక్కరోజు విరాళాల సేకరణ) ఈమెయిళ్లు, థాంక్యూ కార్డులు, అన్నీ ఇక్కడే. ఆ పైన పెద్ద విరాళాలు చూసే డెవలప్‌మెంట్ ఆఫీసర్లు ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో నూరు, నూటయాభై కుటుంబాల జాబితా ఉంటుంది. నెలకు ఇన్ని విజిట్లు చేయాలని లెక్క ఉంటుంది. వీలునామాల ద్వారా వచ్చే విరాళాలు చూసేవాళ్లు వేరు. మాస్టర్స్ అవగానే మేజర్ గిఫ్ట్ (పెద్ద విరాళాల) ఆఫీసర్ పోస్టుకు అప్లై చేస్తే ఎవరూ పిలవరు. మీ ముప్పై అప్లికేషన్లలో పదకొండు అవేనని మీరే రాశారు.

అనుభవం ఎక్కడినుంచి తేవాలి? మీ క్యాంపస్‌లోనే ఉంది. యూనివర్సిటీలు పూర్వ విద్యార్థులకు ఫోన్లు చేసి చందాలు అడిగే కాల్ సెంటర్లు నడుపుతాయి. ఈమధ్య కొన్నిచోట్ల టెక్స్ట్ మెసేజ్‌లు, వీడియో సందేశాల మీదికి మారారు కానీ పని అదే. అందులో కూర్చునేది విద్యార్థులే. నేను చేరింది అక్కడే.

సాయంత్రం ఐదున్నరనుంచి తొమ్మిది దాకా, చెవికి హెడ్‌సెట్, ఎదురుగా స్క్రీన్ మీద ఆ మనిషి పేరు, చదివిన సంవత్సరం, చివరిసారి ఇచ్చిన మొత్తం. మొదటి మూడు వారాలు నాకు దాదాపు అన్నీ ‘నో’లే. ఒకరోజు రిటైరైన ఒక స్కూలు మాస్టారు ఎత్తారు. గతంలో ఏటా యాభై డాలర్లు ఇచ్చేవారు, రెండేళ్లుగా ఆపేశారు. ఇప్పుడు వీలుపడదమ్మా అన్నంత మృదువుగా చెప్పారు. స్క్రిప్ట్ ప్రకారం అయితే ఇంకో చిన్న మొత్తం అడిగి ఫోన్ పెట్టేయాలి. నేను ఊరికే అడిగాను, మ్యాచ్‌లకు వస్తుంటారా అని. అమ్మాయిల బాస్కెట్‌బాల్ చూడటానికి వచ్చేవాడినని, ఇప్పుడు షెడ్యూల్ అంతా ఇంటర్నెట్‌లోనే పెడుతున్నారని, తనకు కంప్యూటర్ లేదని చెప్పారు. డబ్బులు రాలేదు. కానీ మర్నాడు షెడ్యూల్ ప్రింట్ తీసి, నాలుగు వాక్యాల ఉత్తరం జతచేసి పోస్టులో పంపాను. సూపర్‌వైజర్‌కు చెప్పి రికార్డులో ఒక లైను రాశాను: ‘కంప్యూటర్ లేదు, షెడ్యూల్ ఏటా పోస్టులో పంపాలి.’ మార్చిలో ఆయన దగ్గరనుంచి రెండు వందల డాలర్ల చెక్కు వచ్చింది, కవరు మీద ‘ఫోన్ చేసిన విద్యార్థికి’ అని రాసి ఉంది.

తర్వాత ఏడాది అథ్లెటిక్స్ ఆఫీసులో స్టూడెంట్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఈ ఒక్క సంగతే. మీకు కావలసింది ఇలాంటివి రెండు మూడు. అవి ఇంటర్నెట్‌లో చదివితే రావు.

కాల్ సెంటర్ దొరకకపోతే అథ్లెటిక్స్ డెవలప్‌మెంట్ ఆఫీసుకు నేరుగా వెళ్లి, మ్యాచ్ రోజుల్లో సాయం చేస్తానని అడగండి. జీతం లేని పనికైనా ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అనుమతి కనుక్కోండి. మ్యాచ్ రోజు దాతల టెంట్ దగ్గర పేర్లు చూసి పట్టీలు కట్టేది, సూట్‌లలో (స్టేడియంలోని ప్రత్యేక గదుల్లో) భోజనాలు సరిగా వచ్చాయో లేదో చూసేది వీళ్లే. ఆరు శనివారాలు వరసగా, వాన పడినా, టైముకు వచ్చినవాడిని ఎవరూ మరచిపోరు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఇంకా మంచిది. చాలాచోట్ల ఫీజు మాఫీతో పాటు నెలనెలా కొంత ఇస్తారు. అది కూడా ఇలా కళ్లెదుట కనిపించినవాళ్లకే ఎక్కువగా వస్తుంది.

మన గుడులు, తెలుగు సంఘాల్లో చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. మీ ఊళ్లో గుడి వార్షికోత్సవానికి అన్నదానం స్పాన్సర్లను మీరు వెతికి ఉంటే, ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఇచ్చారు, మొత్తం ఎంత అని రెజ్యూమేలో అంకెలతో రాయండి. ‘కల్చరల్ వాలంటీర్’ అని రాస్తే అది డాన్స్ ప్రోగ్రామ్ అనుకుంటారు. ‘22 కుటుంబాలను స్వయంగా అడిగి, 14 మందినుంచి స్పాన్సర్‌షిప్ తెచ్చాను’ అని ఉంటే నేను ఆగి చదువుతాను.

పెద్ద పేర్ల వెంటే పడకండి. కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏలో సుమారు పదకొండు వందల కాలేజీలున్నాయి. మీ లిస్టు మొత్తం శనివారం టీవీలో కనిపించేవాటితోనే నిండిపోయింది. కింది స్థాయి అయిన డివిజన్ త్రీలోనే నాలుగు వందలకు పైగా కాలేజీలున్నాయి. అక్కడ అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లు ఉండవు, స్టేడియంలో లక్ష మంది కూర్చోరు, కానీ ఫండ్‌రైజింగ్ ఉంది. ఈత కొలను మరమ్మతుకు, ట్రాక్ కొత్తగా వేయడానికి, జట్టు బస్సు ప్రయాణాలకు డబ్బు కావాలి కదా. ఆ ఆఫీసులో ఉండేది ఒకరో ఇద్దరో. పెద్ద యూనివర్సిటీలో రెండేళ్లు కవర్లు అంటించేవాడు, చిన్న కాలేజీలో ఆరు నెలలకే దాత ఇంటికి వెళ్లి కాఫీ తాగుతూ మాట్లాడతాడు. నా మొదటి ఫుల్‌టైం ఉద్యోగం అలాంటి చిన్నచోటే. జీతం తక్కువ. ఐటీలో ఉన్న మీ స్నేహితులతో పోల్చుకుంటే చాలా తక్కువ, అది ముందే మనసులో పెట్టుకోండి. కానీ రెండేళ్లలో నేర్చుకున్నది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు సరిపోయింది.

ఇంకో తలుపు డేటా. దాతల రికార్డులన్నీ రైజర్స్ ఎడ్జ్, సేల్స్‌ఫోర్స్, టికెట్లకైతే పాసియోలన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. మీకు ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ బాగా వస్తే, ఎవరు ఇస్తారో, ఎవరు ఆపేశారో లెక్కలు తీయగలిగితే, అథ్లెటిక్స్ ఆఫీసులు ఎగిరి గంతేస్తాయి. అలాంటివాళ్లు అక్కడ తక్కువ. ఒక్క జాగ్రత్త: లోపలికి వెళ్లాక రిపోర్టుల దగ్గరే ఉండిపోయే ప్రమాదం ఉంది. చేరేరోజే మేనేజర్‌తో చెప్పండి, నెలకు ఒక్కసారైనా విజిట్‌కు తీసుకెళ్లమని.

వీసా సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మనవాళ్లు దెబ్బతింటారు. ఎఫ్1 మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు, అది మీకు తెలుసు. కానీ చాలా యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ విరాళాలు తీసుకునే సంస్థ యూనివర్సిటీలో భాగం కాదు, పక్కన విడిగా రిజిస్టరైన ఫౌండేషన్. ఆఫీసు స్టేడియంలోనే ఉన్నా జీతం చెక్కు మీద వేరే పేరుంటుంది. అప్పుడు అది ఆన్‌క్యాంపస్ ఉద్యోగం కిందికి వస్తుందా, సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి) కావాలా అన్నది చేరకముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి, 12 నెలలు. మీ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోడ్ కింద ఉంటేనే మరో 24 నెలలు. మామూలు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చాలావరకు ఉండదు, అనలిటిక్స్ పేరుతో ఉన్న కొన్ని ఉంటాయి. యూనివర్సిటీ ఇచ్చిన మీ ఐ-20 పత్రం మీద ఉన్న కోడ్ ఈరోజే చూడండి.

హెచ్1బీ ఉద్యోగ వీసా విషయంలో యూనివర్సిటీలకు లాటరీ లేదు, అది పెద్ద వరం. అయితే ఉద్యోగ ప్రకటనలో ‘ఏ డిగ్రీ అయినా సరే’ అని ఉంటే ఆ పోస్టుకు హెచ్1బీ తేవడం కష్టం, ఎందుకంటే ప్రత్యేకమైన చదువు అవసరమని చూపించాలి. యాన్యువల్ ఫండ్ కోఆర్డినేటర్ ప్రకటనలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. డేటా వైపు పోస్టులకు ఈ చిక్కు కాస్త తక్కువ. నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఆఫర్ వచ్చినప్పుడు లాయర్‌ను అడగండి.

ఇంటర్వ్యూకు ఏం చదువుకుని వెళ్లాలి? మూడు విషయాలు. దాతలు రోజూ అడిగేవి అవే.

మొదటిది పన్ను. సీటు కొనే హక్కు కోసం ఇచ్చే విరాళంలో 80 శాతానికి ఒకప్పుడు పన్ను మినహాయింపు ఉండేది. 2017 డిసెంబరు చట్టంతో 2018నుంచి అది పోయింది. ఇప్పటికీ పాతరోజులు గుర్తుపెట్టుకుని అడిగే దాతలున్నారు. సూటిగా జవాబు చెప్పగలగాలి, చెప్పాక మీ అకౌంటెంట్‌ను కూడా అడగండి అనాలి.

రెండోది ఆటగాళ్లకు డబ్బు. 2021 జూలైనుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ప్రకటనల్లాంటివాటితో సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (క్రీడాకారులు వేసిన కేసులో కుదిరిన రాజీ) వల్ల ఆ జూలైనుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 20.5 మిలియన్ డాలర్లు. ఇది వచ్చాక మా పని మారిపోయింది. ‘టీవీ డబ్బు వస్తోంది, కుర్రాళ్లకు జీతాలిస్తున్నారు, మళ్లీ నా డబ్బెందుకు?’ అని ముఖం మీదే అడుగుతున్నారు. దానికి అందరికీ పనికొచ్చే జవాబు లేదు. మీరు ఇంటర్వ్యూకు వెళ్లే కాలేజీ ఆటగాళ్లకు నేరుగా ఇస్తోందా లేదా, ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తోంది, ఈత, టెన్నిస్ లాంటి జట్ల పరిస్థితి ఏమిటి అని చదువుకుని వెళ్లండి. మీరు వాలీబాల్ ఆడారు. టికెట్ల మీద బతకని ఆటలకు దాత ఎందుకు ముఖ్యమో మీకన్నా బాగా ఎవరు చెప్పగలరు? మీ ఉత్తరంలో ఆట గురించి ఒక్క వాక్యం రాయాలనుకుంటే ఇది రాయండి.

మూడోది బూస్టర్ నిబంధనలు. విరాళం ఇచ్చిన మనిషి ఎన్‌సీఏఏ లెక్కలో బూస్టర్, ఆ ముద్ర జీవితాంతం పోదు. జట్టులోకి రావాలనుకుంటున్న కుర్రాడికి దాత వెళ్లి నచ్చజెప్పడం, బహుమతులివ్వడం కుదరదు. దాత ఉత్సాహంగా అలాంటి మాట అంటే మీరేం చేస్తారని అడగొచ్చు. నవ్వి ఊరుకుంటానని చెప్పకండి. అక్కడే మర్యాదగా ఆపి, నిబంధనలు చూసే కాంప్లయన్స్ ఆఫీసుకు తెలియజేస్తాను అని చెప్పాలి.

వీటన్నిటికన్నా ముఖ్యం, నమూనాగా అడిగించి చూడటం. ‘నేను దాతను అనుకో, పాతిక వేల డాలర్లు అడుగు’ అంటారు. నా మొదటి పెద్ద ఇంటర్వ్యూ నేను అక్కడే పోగొట్టుకున్నాను. స్కాలర్‌షిప్ గురించి బాగానే మాట్లాడాను, పాతిక వేలు అన్నాను. ఎదుటి డైరెక్టర్ ఏమీ అనలేదు. రెండు క్షణాలు గడిచాయి. నాకు టెన్షన్ పెరిగింది. ‘అంటే ఐదేళ్లలో ఇవ్వొచ్చు, లేదా పదివేలైనా ఫర్వాలేదు, మీకు ఎంత వీలైతే అంత’ అనేశాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ‘నేను కాదనలేదు, మీరే తగ్గించేశారు’ అంది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. మన ఇళ్లలో ఏదైనా అడిగితే ‘ఇబ్బంది లేకపోతేనేనండీ’ అని వెనువెంటనే చేర్చడం మర్యాద. ఇక్కడ అదే మర్యాద ఎదుటివాళ్లకు ఆలోచించుకునే టైం లేకుండా చేస్తుంది. దేనికో చెప్పాలి, మొత్తం చెప్పాలి, నోరు మూసుకోవాలి. అద్దం ముందు కాదు, రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయండి. పది సెకన్లు మాట్లాడవద్దని వాడికి చెప్పండి. ఆ పది సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో చూడండి.

ప్రకటనలు ఎన్‌సీఏఏ మార్కెట్‌లో, టీమ్‌వర్క్ ఆన్‌లైన్‌లో, హయ్యర్‌ఎడ్‌జాబ్స్‌లో, యూనివర్సిటీల హెచ్ఆర్ పేజీల్లో వస్తాయి. చాలా యూనివర్సిటీలకు జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, ఆ అటూఇటూ ఖాళీలు ఎక్కువ. రెజ్యూమే ఒక్క పేజీ. అప్లికేషన్ పెట్టిన తర్వాత, ఆ ఆఫీసులో మీకన్నా ఒక మెట్టు పైనున్న వ్యక్తికి చిన్న ఈమెయిల్ రాసి పావుగంట మాట్లాడమని అడగండి. డైరెక్టర్‌కు రాయకండి, ఆయన చూడరు. మాట్లాడాక ఆ రోజే థాంక్యూ చెప్పండి. మీరు దాతలతో ఎలా ఉంటారో వాళ్లు అక్కడే అంచనా వేస్తారు.

చివరి ప్రశ్నకు వస్తే, ఫుట్‌బాల్ ఒక సీజన్ చూస్తే వచ్చేస్తుంది. తెలియనిది తెలియదని చెప్పి అడగండి, దాతలకు తమ ఆట గురించి వివరించడం మహా ఇష్టం. మందు విషయం ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు, చేతిలో నిమ్మకాయ వేసిన సోడా ఉంటే చాలు. గోల్ఫ్ నాకు ఇప్పటికీ రాదు. వేసవిలో మా టోర్నమెంట్ రోజు ఉదయం ఆరింటికే వెళ్లి దాతలను కార్టుల దగ్గరికి చేరుస్తాను, తర్వాత ఒక జట్టుకు నేనే కార్టు నడుపుతాను. నాలుగు గంటలు పక్కపక్కనే కూర్చుంటాం, వాళ్లు కొట్టి వచ్చి మళ్లీ ఎక్కుతారు. పిల్లల చదువులు, అమ్మకానికి పెట్టిన వ్యాపారం, మోకాలి ఆపరేషన్, అన్నీ ఆ సీట్లోనే వింటాను. కానీ డ్రైవింగ్ మాత్రం తప్పనిసరి. దాతల ఇళ్లు మూడు గంటల దూరంలో ఉంటాయి, ప్రకటనల్లో చాలావాటిలో లైసెన్స్ ఉండాలని రాసే ఉంటుంది. మీకు ఇంకా లేదని రాశారు. ఈ వారమే టెస్టుకు స్లాట్ బుక్ చేసుకోండి. కవర్ లెటర్ తిరగరాశాక నాకు పంపండి, చూస్తాను.